మిరప గోనెల చల్లగాలి

ముప్ఫయి మంది పెద్దమనుషుల్ని, అందులో ఒక పాస్టరుగారిని, ఒకే ఒక్క స్విచ్చు నొక్కి ఏడిపించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నందిగామ వచ్చినప్పుడు మా ఇంటికి రండి. చూపిస్తాను. టీ కూడా ఇప్పిస్తాను. కుర్చీ మాత్రం కొంచెం చూసుకుని కూర్చోండి. దాని నాలుగో కాలు నేను బిగించిందే.

ఇప్పుడు నేను మారిపోయాను. మారాను అనడం కంటే అలిసిపోయాను అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. కుళాయి కారితే కింద బకెట్టు పెడుతున్నాను. అది నిండితే ఇంకో బకెట్టు పెడుతున్నాను. మా ఆవిడ సుగుణ విసుగెత్తి ప్లంబరుకి ఫోను చేసేదాకా పేపరు చదువుకుంటున్నాను. కానీ ఆరేడేళ్ల కిందట ఈ చేతులకు విశ్రాంతి అంటే తెలియదు. చిల్లకల్లు దగ్గర బడిలో పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పడం, సాయంత్రం బస్సులో ఫోను తెరిచి 'పాత సామానుతో కొత్త వస్తువులు' వీడియోలు చూసుకుంటూ నందిగామ రావడం, ఇంట్లో ఏ వస్తువు దేనికి పనికిరాదో సరిగ్గా దానికే దాన్ని వాడటం. ఇదీ నా దినచర్య. సైకిలు టైరు కోసి చెప్పులకు అట్టలు వేసుకున్నాను. నేను నడుస్తుంటే వెనకాల సైకిలు వస్తోందనుకుని జనం పక్కకు తప్పుకునేవారు. సుగుణ పెళ్లిచీరతో కిటికీకి తెర కుట్టాను. ఆ తెర చరిత్ర ఇక్కడ వద్దులెండి. ఇది ఆమె కూడా చదువుతుంది.

కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి అన్నారు పెద్దలు. వాళ్లు నాకంటే దుబారా మనుషులు. కుండ కొన్నారు కదా!

సరే, అసలు గొడవకి వస్తాను. గొడవ పేరు చెప్పుల స్టాండు.

మా నాన్న పోయాక ఆయన నవారు మంచం మా ఇంట్లో ఉండిపోయింది. నవారు చివికిపోయింది గానీ టేకు పట్టెలు, కోళ్లు ఉక్కులా ఉన్నాయి. ఒక ఆదివారం నాకు వాటిలో చెప్పుల స్టాండు కనిపించింది. శిల్పికి రాయిలో బొమ్మ కనిపిస్తుందంటారు చూడండి, అలాగన్నమాట. సాయంత్రానికి మంచం మాయమై గుమ్మం పక్కన మూడు అరల స్టాండు వెలిసింది. కొంచెం ఎడమకి ఒరిగింది. ఒరిగితేనేం, చెప్పులు జారవు కదా అని సర్దిచెప్పుకున్నాను.

వారం తిరక్కుండా మా సామ్యేలు అన్నయ్య వచ్చాడు. అన్నయ్యది జగ్గయ్యపేట. బస్సు కండక్టరు. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ, చెమట అన్నిటికంటే భారీ. గుమ్మంలో చెప్పులు విప్పి స్టాండు మీద పెట్టబోతూ ఆగిపోయాడు. వంగి చూశాడు. ఒక కోడు మీద నల్లటి మచ్చ. నాన్న మంచం మీద పడుకుని చుట్ట కాలుస్తూ నిద్రపోయిన ఒక మధ్యాహ్నపు గుర్తు అది.

"ఇది నాన్న మంచం కదరా?"

"అవునన్నయ్యా. మూల పడుంటే వృథా అవుతోందని..."

"నాన్న మంచం మీద చెప్పులు పెట్టమంటావా?"

పెట్టబోయిన చెప్పులు మళ్లీ కాళ్లకు తొడుక్కుని వెళ్లిపోయాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఆ తరవాత ఎనిమిది నెలలు మా మధ్య మాటల్లేవు. ఒకే ఒక్క మాట ఉండేది, అదీ ఆయన ఉద్యోగధర్మం. బడి నుంచి వస్తూ ఒక్కోసారి నేనెక్కింది ఆయన బస్సే అయ్యేది. నా దగ్గరికి వచ్చి, కిటికీ వైపు చూస్తూ, "ఎక్కడికి?" అనేవాడు. ఎక్కడికంటాడేమిటండీ! నలభై ఏళ్లుగా నన్నెరిగిన మనిషి! "నందిగామ" అనేవాణ్ణి. మిషనులోంచి టికెట్టు చింపి చేతిలో పెట్టి ముందుకెళ్లిపోయేవాడు. ఆ టికెట్లన్నీ పారేయకుండా దాచాను. మా ఉత్తరప్రత్యుత్తరాలు అవే మరి.

ఇంతలో మే నెల వచ్చింది. అమ్మకు డెబ్బై ఏళ్లు నిండాయి. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఇంట్లో కృతజ్ఞతా కూటం పెడదామన్నాను. బంధువులు, సంఘంలో పెద్దలు, పాస్టరు అయ్యగారు అంతా కలిసి ముప్ఫయి మంది. అమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"పెద్దోడు వస్తాడంటరా?"

"నువ్వు పిలిస్తే వస్తాడమ్మా."

"పిలిచా. ఆ రేకుల కింద ఎండలో కూర్చోటం నావల్ల కాదమ్మా, నాకసలే బీపీ అన్నాడు. నాకేం చీరలొద్దు, కేకులొద్దురా చిన్నోడా. మీరిద్దరూ ఒక్కచోట కూర్చుని నాలుగు మెతుకులు తింటే అదే నా పండగ."

మా వసారాకి సిమెంటు రేకులు. మే నెలలో మా నందిగామ ఎండకి ఆ రేకుల కింద అప్పడాలు కాల్చుకోవచ్చు, తిప్పక్కర్లేదు. కాబట్టి అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. ఆయన కోపానికి రేకులు సాకు. ఆ సాకు తీసేస్తే కోపం ఒక్కటే ఒంటరిగా నిలబడాలి. ఎంతసేపు నిలబడుతుంది? అందుకని వసారాను చల్లబరచాలని నిశ్చయించుకున్నాను.

"టెంటు హౌసులో పెద్ద కూలర్లు అద్దెకిస్తారండీ. ఒక్క పూటకే కదా" అంది సుగుణ.

"అద్దెకా! నేను సైన్సు మాస్టార్ని. తడిగుడ్డ మీంచి గాలి వీస్తే చల్లబడుద్ది. దాన్నే బాష్పీభవనం అంటారు. దానికి అద్దె ఎందుకు?"

"ఏవండీ, అమ్మ అడిగింది ఒక్కటే కోరిక. దాంతో ప్రయోగాలు వద్దు."

"ప్రయోగం కాదే. నిరూపణ."

సుగుణ బియ్యం డ్రమ్ము కనిపించకుండా దాచడానికి లోపలికెళ్లింది. అప్పటికే ఆలస్యమైంది. డ్రమ్ముకు మూడు వైపులా కిటికీలు కోసేశాను. నాలుగో వైపు పాత ఎగ్జాస్టు ఫ్యాను బిగించాను. పాత సామాన్ల కొట్టులో దొరికిన చిన్న మోటారు అడుగున పెట్టి, పైన చుట్టూ చిల్లుల గొట్టం తిప్పాను. ఇక కిటికీలకు కట్టే కూలరు గడ్డి ఒక్కటే కావాలి. గడ్డి డబ్బులు పెట్టి కొనడమా? గడ్డి బదులు గోనె చాలదూ?

గోనె అనగానే పెనుగంచిప్రోలు గుర్తొచ్చింది. మా బడిలో చదివే ఒక పిల్ల తండ్రి, కోటయ్య అని, అక్కడ మిరప రైతు. వెళ్లి అడిగాను.

"గోనెలకేం సార్, బోలెడున్నాయి. దేనికండీ?"

"కూలరుకయ్యా."

కోటయ్య నా వంక, గోనెల వంక మార్చి మార్చి చూశాడు. "ఇవి మిరపకాయలు తొక్కి నింపిన గోనెలండి."

"నీళ్లలో జాడిస్తే పోద్దిలే."

"పోద్దాండీ?"

"నేను సైన్సు మాస్టార్నయ్యా."

"అయితే సరేనండి" అన్నాడు. ఇంత జాలిగా 'సరే' అన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో నా పక్కనున్న పెద్దావిడ వరసగా నాలుగు సార్లు తుమ్మింది. జలుబేమో పాపం అనుకున్నాను. డ్రైవరు కూడా తుమ్మాడు. అంటుజలుబు అనుకున్నాను. బుద్ధి అనేది ఎదురొచ్చి తుమ్మినా గుర్తుపట్టలేని రోజులవి.

ఇంటికొచ్చి గోనెల్ని మూడు బకెట్ల నీళ్లలో జాడించాను. నీళ్లు ఎర్రగా దిగాయి. అదిగో కారమంతా పోతోంది అని మురిసిపోయాను. కూరలో కారం ఎక్కువై నోరు మండితే చెంబుడు నీళ్లు తాగినా మంట తగ్గదని మా వీధిలో పిల్లికి కూడా తెలుసు. కారం నీళ్లకి కరగదు. ఈ ముక్క తొమ్మిదో తరగతి పిల్లవాడు రాయకపోతే నేనే ఒక మార్కు కోసేవాణ్ణి.

ముందురోజు సాయంత్రం అమ్మ గుడికి వెళ్లినప్పుడు పది నిమిషాలు నడిపి చూశాను. మోటారు నీళ్లు తోడింది, గోనెలు తడిశాయి, ఫ్యాను తిరిగింది, వసారాలోకి అరకు వచ్చినట్టయింది. సుగుణ అంతటిది కూడా వచ్చి ఎదురుగా నిలబడింది.

"చల్లగానే ఉందండీ. కానీ ఏదో పచ్చడి వాసన..."

"కొత్తలో అలాగే ఉంటుంది."

మరునాడు సాయంత్రం నాలుగింటికి కూటం. అందరూ వచ్చారు. మేరీ వదిన వచ్చింది. వదిన వెనకాల అన్నయ్య కూడా వచ్చాడు! చెప్పులు వీధిలోనే విప్పి, స్టాండు వైపు చూడకుండా నడిచి, గేటు పక్కన చివరి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోవడం అనకూడదు, పారిపోవడానికి సిద్ధంగా ఆనుకున్నాడు అనాలి. చేతిరుమాలు అప్పటికే తడిసిపోయింది. ముందు వరసలో కూర్చున్న అమ్మ తల తిప్పి చూసింది. నన్నూ చూసింది. నేను వెళ్లి స్విచ్చు నొక్కాను.

గాలి! చల్లటి, తడి తడి గాలి. ముప్ఫయి మొహాలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. ఒక పాట అయ్యేసరికి అన్నయ్య కుర్చీ ఒక అడుగు ముందుకు జరిగింది. రెండో పాటకి ఇంకో రెండడుగులు. అయ్యగారు ప్రార్థన ముగించి కళ్లు తెరిచేసరికి మా అన్నయ్య కూలరుకు సరిగ్గా ఎదురుగా, చొక్కా పైగుండీ తీసి కూర్చుని ఉన్నాడు.

"ఏం మరిదిగారూ, మీరే చేశారంటగా!" అంది వదిన మెచ్చుకోలుగా.

"ఏదో, చిన్న ప్రయత్నం వదినా" అన్నాను. అంత వినయం నాకు ఎప్పుడొచ్చినా ప్రమాదమే.

అప్పుడు అన్నయ్య, నావైపు చూడకుండా, డ్రమ్ముతో చెబుతున్నట్టు, "గాలి బానే ఉంది" అన్నాడు.

ఎనిమిది నెలల తరవాత 'ఎక్కడికి' కాని మాట! గుండె పొంగిపోయింది. సరిగ్గా అదే నిమిషంలో డ్రమ్ము అడుగున, గోనె పోగుల్లోంచి కొట్టుకొచ్చిన మిరపగింజలు ఒక్కొక్కటే మోటారు నోట్లో ఇరుక్కుంటున్నాయని నాకేం తెలుసు? మోటారు ఆగింది. నీళ్లు ఆగాయి. ఫ్యాను మాత్రం ఆగలేదు. మే నెల ఎండగాలికి గోనెలు పావుగంటలో ఎండి గలగలలాడాయి. ఎండిన మిరపగోనెను ఎవరైనా ఏం చేస్తారు? ఊరవతలకి తీసుకెళ్లి, గాలికి ఎదురు నిలబడకుండా, మొహం తిప్పుకుని దులుపుతారు. నేను ఫ్యాను పెట్టి ఇంట్లో దులుపుతున్నాను.

అయ్యగారు అప్పుడు అన్నదమ్ముల ఐక్యత గురించి వాక్యం చెబుతున్నారు. మా సంగతి అమ్మ ముందే ఆయన చెవిన వేసింది. "ఒకే తల్లి పాలు తాగినవాళ్లు..." అంటూ ఆగారు. గొంతు పూడుకుపోయింది. కళ్లలో నీళ్లు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ "ఒకే తల్లి..." అని, ఇక చెప్పలేక తల వంచుకున్నారు.

అయ్యగారే కంటతడి పెట్టేసరికి వెనక వరసలు కదిలిపోయాయి. ముందు వదిన ముక్కు చీదింది. తరవాత సుగుణ వాళ్ల పిన్ని. తరవాత సంఘ పెద్ద, పొలం గట్టు తగాదాలో కూడా కళ్లు చెమర్చని మనిషి, బావురుమన్నాడు. వసారా అంతా ఏడుపు, దగ్గు, స్తోత్రాలు. నా కళ్లలోంచి కూడా ధారలు. ఆహా, ఎంత బలమైన వాక్యం అనుకున్నాను. సైన్సు మాస్టారు ఆ మాట అనుకున్నాడని గమనించగలరు.

ఇక అన్నయ్య. గాలికి అందరికంటే దగ్గరగా ఉన్నాడు కదా. ఆ భారీ మనిషి మొహం ఎర్రగా కందిపోయి, కళ్లూ ముక్కూ ఏకధారగా, భుజాలు అదురుతూ... నేను తట్టుకోలేకపోయాను. కుర్చీలు తోసుకుంటూ వెళ్లి ఆయన మీద పడిపోయాను.

"అన్నయ్యా! తప్పు నాదే! నాన్న మంచాన్ని కోసేటప్పుడు నా చెయ్యి పడిపోకపోయింది!"

"ఒరే రత్నం... నువ్వు... ఏడవకురా..." దగ్గు. "నేనే... చెప్పుల కోసం... తోడబుట్టినోణ్ణి..." మళ్లీ దగ్గు.

"నాతో మాట్లాడతావా?"

"మాట్లాడతారా. ముందు... ఊపిరి... ఆడనీ..."

ఇద్దరం కావలించుకుని ఏడుస్తుంటే జనం ఇంకా ఏడ్చారు. సరిగ్గా అప్పుడు సుగుణ వంటింట్లోంచి టీ కప్పుల పళ్లెంతో వచ్చి, గుమ్మంలో ఆగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒక్క కేక పెట్టింది.

"ఏంటండీ ఈ ఘాటు! నేను పోపు పెట్టలేదే!"

అంతే. వాక్యం పక్కకు తప్పుకుంది, కారం బయటపడింది. నేను ఫ్యాను ఆపేలోపే ముప్ఫయి మంది తోసుకుంటూ వీధిలో పడ్డారు. ఇంతమంది ఏడ్చుకుంటూ బయటికి రావడం చూసి ఎదురింటి ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ! పెద్దావిడేనా? ఎంతసేపయింది?"

"పెద్దావిడ బానే ఉందండి" అన్నాను కళ్లు నులుముకుంటూ. అదీ పొరపాటే. ఆ చేతులతో కళ్లు నులుముకోకూడదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంటినే రచ్చ చేశాను. బాష్పీభవనం పాఠం చెప్పేవాడి ఇల్లు అక్షరాలా బాష్ప భవనం అయింది. సుగుణ బకెట్లతో నీళ్లు, గిన్నెలతో మజ్జిగ మోసింది. మజ్జిగ తాగుతూ, మొహాలకు పూసుకుంటూ పెద్దలంతా వీధి అరుగుల మీద కూర్చున్నారు. అయ్యగారు మూడో గ్లాసు మజ్జిగ దించి మెల్లగా అన్నారు. "ఇన్నేళ్ల సేవలో ఇంతమంది కరిగింది ఈరోజే, రత్నంగారూ. అయినా ఆ డబ్బా గుడికి మాత్రం తీసుకురాకండి."

అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ బయటికి రాలేదు. నేనూ అన్నయ్యా లోపలికి పరిగెత్తాం. అమ్మ ముందు వరసలో అదే కుర్చీలో, పొడి కళ్లతో, కొంగుతో విసురుకుంటూ కూర్చుని ఉంది.

"అమ్మా, నీకు మండలేదా?"

"నలభై ఏళ్లు మిరప కల్లాల్లో తొడిమలు తీసిన కళ్లురా ఇవి. ఈ కాస్త గాలికి మండుతయ్యా?"

"అయితే నీకు వాసన తెలిసిందా?"

"మొదటి గాలికే తెలిసింది."

"మరి చెప్పవేంటమ్మా!"

"చెప్తే ఆపేసేవోడివి. ఆపితే వీడు లేచి గేటు కాడికి పోయేవోడు, నువ్వు స్విచ్చు కాడ నిలబడిపోయేవోడివి. కావిలించుకుందాకా ఆగుదాంలే అనుకున్నా."

అన్నయ్య ఎర్రటి కళ్లతో అమ్మను చూశాడు. డ్రమ్ముకు వేలాడుతున్న గోనెను చూశాడు. వంగి దాన్ని వేలితో రాసి, వాసన చూసి, తుమ్మి, చివరికి నన్ను చూశాడు.

"అంటే, నువ్వు ఏడ్చింది దీనికా?"

సగం దీనికే అని ఎలా చెప్పను? ఏ సగమో నాకే తెలియదు. ఆయన మొహంలో ఎనిమిది నెలల బిగువు మళ్లీ చేరుతున్నట్టే అనిపించింది. గుమ్మం దాకా నడిచాడు. అయిపోయింది, మళ్లీ 'ఎక్కడికి' దగ్గరికే వచ్చాం అనుకున్నాను. చెప్పుల స్టాండు ముందు ఆగి, అందులోని చెప్పులన్నీ ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు. నల్లమచ్చ ఉన్న కోడును అరచేత్తో తుడిచాడు. స్టాండును ఎత్తి అమ్మ పక్కన పెట్టి, అన్నం తినేటప్పుడు పక్కన బల్ల ఉండాలన్నట్టు సర్ది, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. స్టాండు ఎడమకి ఒరిగింది. ఒరిగిన వైపు మోకాలు అడ్డం పెట్టాడు.

"అన్నయ్యా, కోపం..."

"కొట్టిన టికెట్టు వాపసు తీసుకోంరా" అన్నాడు. "కూర్చో. సుగుణా, అన్నం పెట్టమ్మా. కూరలో కారం మాత్రం వెయ్యబాక."

ఆరోజు ముగ్గురం ఒక్కచోట తిన్నాం. పెరుగన్నమే తిన్నాం. ఆ కోళ్లు, పట్టెలు అన్నయ్య జగ్గయ్యపేట తీసుకెళ్లి, చెయ్యి తిరిగిన వడ్రంగితో అమ్మకు పీట చేయించి పంపాడు. దానికి నాలుగు కాళ్లూ నేలకు ఆనుతాయి. మా ఇంట్లో అలాంటి వస్తువు అదొక్కటే.

ఆ తరవాత నేనొక నిర్ణయానికి వచ్చాను. ఒట్లు పెట్టుకోవద్దని మా అయ్యగారు చెబుతారు కాబట్టి దీన్ని ఒట్టు అనను, గంభీరమైన తీర్మానం అంటాను. 'సుత్తి, రంపం, మేకులు, గోనె, ఇంకా ఇంట్లోని ఏ పాత వస్తువునూ బతికుండగా ముట్టను' అని తెల్లకాగితం మీద ఎర్రసిరాతో రాశాను. సుగుణ సాక్షి సంతకం చేసింది. అందరికీ కనిపించేలా వసారా గోడకు అంటించాను. దానికోసం జిగురు కొనడం ఎందుకు దండగని మైదాపిండితో నేనే బంక కాచాను. 'ముట్టను' అన్న మాట దగ్గర బంక కాస్త ఎక్కువ పడినట్టుంది. బొద్దింకలు సరిగ్గా ఆ ఒక్క మాటే తినేసి వెళ్లాయి.